గంటన్నర దూరం

ఇన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నానేమో.

రాయపూర్ విమానాశ్రయంలో కూర్చున్నాను. రేపు హైదరాబాదులో చెల్లెలి కూతురికి ఓణీల వేడుక. మేనమామని కదా, ఇక్కడి పండరీ బట్టల బజారులో కొన్న పట్టు ఓణీ ఒళ్లో పెట్టుకున్నాను. గంటన్నర లోపే దిగిపోతాను. నా భయమంతా ఆ గంటన్నర గురించే.

చెల్లి పెళ్లి ఇక్కడే, రాయపూర్‌లోనే జరిగింది. నాన్న పోయాక మమ్మల్ని చూసుకున్నది హైదరాబాదులో ఉండే మావయ్య. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవలసినవాడు ఆయనే. కానీ నిశ్చితార్థం రోజు మగపెళ్లివారి ముందు నన్ను చూపించి, వీడికేం తెలుసు, ఏదున్నా నన్నడగండి అన్నాడు. అప్పటికే నాకు రైల్వేలో ఉద్యోగం. ఇంటికి పెద్దదిక్కు నేనే అనుకుంటున్నాను. అంత చిన్న మాటకా? అవును, అంత చిన్న మాటకే.

పెళ్లిరోజు పొద్దున్నే మావయ్య ఫోన్ చేశాడు.

"రాత్రి బండి తప్పిపోయిందిరా. ఫ్లైట్‌కొస్తే ఎంతసేపు పడతాది? ముహూర్తానికి అందుకుంటానా?"

"సీధా ఫ్లైట్ లేదు మావయ్యా. నాగపూర్‌లో మారాలి. నువ్వొచ్చేసరికి తెల్లారిపోతాది."

మధ్యాహ్నం నేరుగా విమానం ఉందని నాకు తెలుసు. పెళ్లికొడుకు బాబాయి హైదరాబాదు నుంచి అందులోనే వస్తున్నాడు. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా నన్నడిగే బయల్దేరేవారు, అందుకే విమానం సంగతి కూడా ఆయన ఇంకెవర్నీ అడగలేదు. సరేలే, పిల్లని జాగ్రత్తగా పంపించు అని ఫోన్ పెట్టేశాడు.

బుట్ట నేనే పట్టాను. చెల్లి గుమ్మం వైపు చూస్తూనే ఉంది.

తర్వాత మావయ్య, విమానం లేదమ్మా అని చెబితే చెల్లి నమ్మలేదు. బాబాయిగారు వచ్చారు కదా అంది. అలిగి రాలేదని తేల్చేసుకుంది, మాటలు మానేసింది. అప్పుడైనా ఆయన నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నేను చేసింది అర్థమయ్యే నన్ను కాపాడాడా, లేక నేను పొరపాటు పడ్డానని ఇప్పటికీ నమ్ముతున్నాడా? ఈ రెండింటిలో ఏది నిజమైనా నాకు ఆయన మొహం చూసే ధైర్యం లేదు.

ఆయన ఇంకా హైదరాబాదులోనే ఉన్నాడు. రేపటికి చెల్లి ఆయన్ని పిలవలేదు. మొన్న ఫోన్‌లో నాతో అంది, "నువ్వైనా టైముకి రా అన్నయ్యా. మావయ్యలాగ ధోకా ఇవ్వకు."

అప్పుడు నోరు విప్పాల్సింది. వస్తాలే అన్నాను.

విమానం ఎక్కమని పిలుస్తున్నారు. ఒళ్లో ఉన్న ఓణీని సంచిలో పెట్టుకున్నాను. రేపు చెప్పగలనా? చెబితే ఈ ఓణీ నా చేత వేయించుకుంటారా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ క్షమాపణ ఇవ్వాల్సింది మీరు కాదు. ఒక్కసారైనా ఈ మాట నా లోపలి నుంచి బయటికి రావాలి, అంతే.

ఆ రోజు విమానం ఉంది. నేరుగానే ఉంది.