అగ్గిపెట్టెడు సందు

పటమటలో మా ఎదురింటి జయపాల్ ముప్పై ఏళ్లు కార్ల కింద పడుకునే బతికాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డే అతని గ్యారేజీ. గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా కారు కిందికి జరిగేవాడు. పని అయ్యాక ఒక చెయ్యి బయటికొచ్చేది. భార్య సంపూర్ణమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆ చెయ్యి పట్టుకుని లేపేది. "రోజుకి పదిసార్లు పెళ్లాం చెయ్యి పట్టుకునేవాణ్ణి నిన్నే చూశానయ్యా" అని ఏడిపించేవాణ్ణి.

నిరుడు అతని నడుముకి ఆపరేషన్ అయింది. నేల మీద పడుకోకూడదు, వంగకూడదు అన్నారు డాక్టర్లు. షెడ్డు మూసేయమంది సంపూర్ణమ్మ. అతను వినకుండా నాలుగు స్తంభాల లిఫ్టు తెచ్చి బిగించాడు. కారును దాని మీదికి ఎక్కించి పైకి లేపితే, నిలబడే పని చేసుకోవచ్చు. చివరికి మొగుడూ పెళ్లాలు ఒక మాట అనుకున్నారు. మొదటి కారు గీత పడకుండా ఎక్కితే షెడ్డు ఉంటుంది, లేదంటే తాళం. ఆ మాట నా ముందే అనుకోవడంతో నాకూ బెంగ పట్టుకుంది. మంచం మీదున్న మూడు నెలలూ అతను మనిషిలో మనిషిగా లేడు. మళ్లీ అలా చూడటం నా వల్ల కాదు.

ఆ మొదటి కారు ఏ పాత అంబాసిడరో అయినా బాగుండేది. వచ్చింది సింధూరి కారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పనిచేసే ఆ అమ్మాయి దాన్ని సెకండ్ హ్యాండులో కొంది. పాత ఓనరు షోకు కోసం దాన్ని నేలకి అంటేలా కిందికి దింపించాడు. కంకిపాడు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ అడుగున తగిలి ఆయిల్ కారుతోంది. ఇలాంటి షోకులు చేసేవాళ్లను ఆ స్పీడ్ బ్రేకర్ మీదే పడుకోబెట్టాలి.

"బంపర్‌కి కొత్తగా పెయింట్ వేయించానంకుల్. కొంచెం జాగ్రత్తండీ" అంది సింధూరి.

జయపాల్ నవ్వాడు గానీ, చొక్కా అప్పటికే తడిసిపోయింది. లిఫ్టు ముందు పొడవాటి టేకు చెక్కలు రెండు వేసి వాలు తగ్గించాడు. తర్వాత వాళ్ల నాన్న ఆమోసు పద్ధతి మొదలుపెట్టాడు. ఆమోసు కృష్ణ మీద బల్లకట్టు నడిపినవాడు. మనుషుల్నీ సామాన్నీ దించాకే ఏ బండినైనా చెక్కల మీదికి ఎక్కనిచ్చేవాడట. జయపాల్ కూడా డిక్కీలోని రెండు బియ్యం బస్తాలూ, స్టెప్నీ దింపించాడు.

సింధూరి స్టీరింగ్ ముందు కూర్చుంది. బంపర్ కింద సందు చూడాలంటే నేలకి కరుచుకోవాల్సిందే. జయపాల్ అలవాటుగా వంగబోయాడు.

"ఆగండి" అని సంపూర్ణమ్మ అతన్ని పక్కకి జరిపి, తనే లిఫ్టు పక్కన గోనెపట్టా మీద బోర్లా పడుకుంది. షెడ్డు మూసేయమన్న మనిషే చెంప నేలకి ఆనించి చూస్తోంది.

"రానీ అమ్మా... రానీ... ఆపు, ఆపు! అగ్గిపెట్టె కూడా దూరదండీ. ఇంకో అంగుళం వస్తే గీసుకుంటది."

కారు ఆగిపోయింది. జయపాల్ పెదాలు తడుపుకున్నాడు.

"పోన్లే సంపూర్ణం. తాళం ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

ఆ పాత ఓనరు మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఏం చెయ్యాలో తోచక తెరిచి ఉన్న డిక్కీలో చతికిలబడ్డాను. నేను నూటపది కిలోలు.

"ఏవండీ! సందు పెరిగింది!" అని కింద నుంచి కేక.

జయపాల్ నా వంక చూశాడు. బస్తాల వంక చూశాడు. తల కొట్టుకున్నాడు.

"మా నాన్న మనుషుల్ని దింపింది ఏట్లో పడతారని. ఇక్కడ ఏరెక్కడుందండీ? వెనక బరువు తీసేసి ముందు మూతి నేనే కిందికి దించాను. అప్పయ్యగారూ, మీరు కదలొద్దు!"

బస్తాలు మళ్లీ నా పక్కకొచ్చాయి. కాళ్లు బయటికి వేలాడేసుకుని, ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. కారు అంగుళం అంగుళం కదిలింది.

"అగ్గిపెట్టె పడతది... రానీ... రెండు పడతాయి... రానీ అమ్మా!"

ముందు చక్రాలు లిఫ్టు మీదికి ఎక్కగానే జయపాల్ అరిచాడు. "ఆపమ్మా! అప్పయ్యగారూ, ఇంక దిగండి. బస్తాలు కూడా తీసెయ్యండి. లేకపోతే పొట్ట తగులుద్ది!" ఎవరి పొట్టో అడక్కుండా దిగిపోయాను.

వెనక చక్రాలు కూడా ఎక్కాయి. ఒక్క గీత పడలేదు. సింధూరి దిగాక జయపాల్ బటన్ నొక్కాడు. కారు మెల్లగా మా తలల పైకి లేచింది. అతను దాని కింద నిలబడి తలెత్తి చూశాడు. ఆయిల్ చుక్క ఒకటి భుజం మీద పడినా తుడుచుకోలేదు.

సంపూర్ణమ్మ ఇంకా గోనెపట్టా మీదే ఉంది. మోకాళ్లు పట్టేసి లేవలేకపోతోంది. జయపాల్ వచ్చి చెయ్యి చాచాడు.

"మీ నడుమండీ. లాగొద్దు."

"లాగన్లే. పట్టుకో."

ఆవిడ ఒక చేత్తో లిఫ్టు స్తంభం ఆసరా చేసుకుని తనంతట తనే లేచింది. రెండో చెయ్యి అతని చేతిలో ఉంది. ఏడిపిద్దామనుకున్నవాణ్ణి, బస్తాలు సర్దే పని పెట్టుకుని అటు తిరిగాను.