ఐదో త్రోకి ఎత్తిన తెల్ల జెండా

నా రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లు ఉందనగా, ఒక జూలై నెలలో, ఆసియా స్థాయి అథ్లెటిక్స్ పోటీలకి టెక్నికల్ అఫిషియల్‌గా నాకు డ్యూటీ పడింది. పోటీలు మన దేశంలోనే, వేరే రాష్ట్రంలో జరిగాయి. మహిళల డిస్కస్ త్రో ఫైనల్‌కి నన్ను రింగ్ జడ్జిగా వేశారు. ఆ డ్యూటీ కాగితం అందుకున్న రోజు భవానీపురంలో మా వీధంతా మిఠాయి పంచాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ కాగితం రాకపోయినా బాగుండేదనిపిస్తుంది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. పటమటలో ఒక డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. పేరుకి డైరెక్టర్ గానీ, గ్రౌండులో సున్నం గీతలు గీసేదీ నేనే, చిరిగిన వాలీబాల్ నెట్టు కుట్టేదీ నేనే. దానికి తోడు అథ్లెటిక్స్ అఫిషియల్ పరీక్షలు ఒక్కొక్కటే రాసుకుంటూ జిల్లా నుంచి జాతీయ స్థాయి దాకా వచ్చాను. నిబంధనల విషయంలో ఎవరినీ ఉపేక్షించనని మా వాళ్లు నాకు ‘రూల్ బుక్ రజియా’ అని పేరు పెట్టారు. నా ఎదురుగా అనేవాళ్లు కాదులెండి.

రింగ్ జడ్జి పని చూడటానికి సులువుగానే ఉంటుంది. డిస్కస్ విసిరే రింగు రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. దానికి రెండు పక్కలా నేల మీద ఒక తెల్ల గీత ఉంటుంది. ఆ గీతకి అటు ముందు సగం, ఇటు వెనక సగం. విసిరిన డిస్క్ నేల తాకేదాకా అమ్మాయి రింగులోనే ఉండాలి. ఆ తర్వాత వెనక సగంలోంచి మాత్రమే బయటికి రావాలి. ముందు సగంలోంచి అడుగు బయటపెట్టిందంటే, డిస్క్ ఎంత దూరం పోయినా ఆ త్రో చెల్లదు. రింగుకి చెరో పక్కనా ఒక జడ్జి నిలబడతారు. జెండాలు ఒకరి చేతిలోనే ఉంటాయి. అంతా సవ్యంగా ఉంటే తెల్లది, తప్పు జరిగితే ఎర్రది ఎత్తాలి. తెల్లది లేస్తేనే దూరం కొలుస్తారు. ఆ రోజు జెండాలు నా చేతిలో ఉన్నాయి.

ఫైనల్‌కి వచ్చిన పన్నెండు మందిలో నాగమల్లేశ్వరి ఒకతి. కంకిపాడు పిల్ల. వాళ్ల నాన్న మగ్గం గిట్టుబాటు కాక వదిలేసి, పెడన నుంచి చేనేత చీరలు తెచ్చి మోటార్ సైకిల్ మీద ఊళ్లమ్మట తిరిగి అమ్మేవాడు. ఇంటర్ చదివేటప్పుడు ఆ పిల్లని నా దగ్గరికి తీసుకొచ్చి, “మీ చేతుల్లో పెడుతున్నానండీ మేడం గారు, ఎట్టా తయారుచేస్తారో మీ ఇష్టం,” అన్నాడు. ఆరేళ్లు నా దగ్గర నేర్చుకుంది. తర్వాత జాతీయ శిబిరానికి ఎంపికై వెళ్లిపోయింది. భుజబలం అందరికీ ఉంటుంది. ఆమెకి తిరగడం తెలుసు. రింగులో ఒకటిన్నర చుట్టు తిరిగేటప్పుడు పాదం నేలని ఎక్కడ తాకాలో ఆ పిల్లకి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఇక మా గ్రౌండు సంగతి. రింగు నేనే దగ్గరుండి పోయించాను. ఫుట్‌బాల్ వాళ్లు ఒప్పుకోక, ఒక మూలగా, ప్రహరీ గోడకి ఆనించి పోయించాల్సి వచ్చింది. చుట్టూ కట్టే కేజ్‌కి డబ్బుల్లేక బందరు వైపు నుంచి పాత చేపల వల తెప్పించి ఇనప గొట్టాలకి కట్టించాను. దాంతో రింగు వెనక దారి అంటూ లేకుండా పోయింది. మిగిలిన కాస్త చోటూ వానాకాలం అంతా బురదే. మాకున్నవి రెండే డిస్కులు. విసరడం, నేరుగా ముందుకి నడిచివెళ్లి తెచ్చుకోవడం, మళ్లీ విసరడం. అలా పొద్దునా సాయంత్రం ఆరేళ్లు.

నియమం నేను చెప్పలేదనుకోకండి. చెప్పాను, రాయించాను, అప్పజెప్పించాను. కానీ జిల్లా పోటీలు కూడా అదే రింగులో జరిగేవి. ప్రతి పిల్లా ముందు నుంచే దిగేది. వెనక వల కట్టి ఉంటే పాపం ఎటు పోతారని అఫిషియల్స్ అందరం ఊరుకునేవాళ్లం. నేనే తెల్ల జెండా ఎత్తేదాన్ని. మా వాళ్ల చేత రూల్ బుక్ అనిపించుకున్న మనిషిని, ఆ ఒక్క పేజీ మడిచి పెట్టేశాను. వల విప్పించి వెనక నాలుగు బండలు పరిపిస్తే ఒక పూట పని. అది కూడా చేయలేదు.

ఆ అలవాటు వల్ల జాతీయ పోటీల్లో రెండుసార్లు నాగమల్లేశ్వరికి ఎర్ర జెండా పడింది. శిబిరంలో కోచ్ దాన్ని మాన్పించడానికి నానా తంటాలు పడ్డాడు. విసిరాక రెండు అంకెలు లెక్కపెట్టుకుని, వెనక్కి తిరిగి నడవడం నేర్పించాడు. చాలావరకు మానింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చిందీ కాదు, నేను పెట్టిన బుద్ధి.

ఫైనల్‌కి ముందు రోజు ప్రాక్టీసు గ్రౌండు దగ్గర కనిపించింది. కుడి మోకాలికి కట్టు ఉంది. అప్పటికే ఆ మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయింది.

“ఇదే ఆఖరండీ మేడం,” అంది. “మొదటి మూడింట్లో ఉంటేనే క్యాంపులో ఉంచుతారంట. లేకపోతే పేరు తీసేస్తారు. తీసేస్తే మళ్లీ మొదట్నుంచి రావడానికి ఈ మోకాలు ఆగదండీ.”

నేను అఫిషియల్‌ని, ఎక్కువ మాట్లాడకూడదు. కట్టు మరీ బిగించొద్దని మాత్రం చెప్పి వచ్చేశాను. ఆ సాయంత్రమే మా చీఫ్ జడ్జికి, ఫలానా అమ్మాయి నా పాత శిష్యురాలని చెప్పాను. ఇప్పుడు కోచ్ మీరు కాదు కదా, ఇబ్బంది లేదన్నాడాయన. నన్ను డిస్క్ పడే వైపు వేయమని అడిగి ఉండొచ్చు. అడిగితే మార్చేవాడే. ఆ పిల్ల విసరడం దగ్గర నుంచి చూడాలన్న ఆశ కొద్దీ అడగలేదు.

డిస్కస్‌లో అందరికీ మూడు త్రోలు ఇస్తారు. మొదటి ఎనిమిది మందికి ఇంకో మూడు. నాలుగో త్రో అయ్యేసరికి నాగమల్లేశ్వరి ఐదో స్థానంలో ఉంది. మోకాలు సహకరించడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఐదో త్రోకి రింగులోకి వచ్చి, చాలాసేపు తల వంచుకుని నిలబడింది. తిరిగింది. డిస్క్ చేతిలోంచి వెళ్లిన చప్పుడు వినగానే మంచి త్రో అని నాకు అర్థమైంది. మూడో స్థానం గుర్తుకి అవతల పడింది. నాగమల్లేశ్వరి గట్టిగా అరిచింది. అరుస్తూ, డిస్క్ వైపే చూస్తూ, ఎడమ కాలు రింగు దాటి ముందుకి వేసింది. తెల్ల గీతకి ముందు, నాకు బారెడు దూరంలో.

వెంటనే కాలు వెనక్కి తీసుకుని, వెనక నుంచి బయటికి నడిచింది. చీఫ్ జడ్జి డిస్క్ పడిన చోటు చూస్తున్నాడు. రెండో రింగ్ జడ్జి అవతలి పక్కన ఉన్నాడు, ఆయనకి ఆమే అడ్డం. కాలు చూసింది నేనొక్కదాన్నే.

నేను తెల్ల జెండా ఎత్తాను. ఆలోచించి ఎత్తానంటే అబద్ధం, ఆలోచించకుండా ఎత్తానన్నా అబద్ధమే. చెయ్యి లేచాక దించాలనిపించలేదు.

దూరం కొలిచారు. మూడో స్థానానికి జానెడు పైన వచ్చింది. స్టేడియంలో మనవాళ్ల కేకలు.

ఆరో త్రోకి వరస మారుతుంది. ఎనిమిదో స్థానంలో ఉన్న అమ్మాయి ముందు విసురుతుంది, మొదటి స్థానంలో ఉన్న అమ్మాయి చివర. అంటే నాగమల్లేశ్వరి వంతు వచ్చేలోపు ఐదుగురు విసరాలి. ఒక్కొక్కరికి నిమిషం. జడ్జి తన పొరపాటుని అప్పటికప్పుడు చీఫ్ జడ్జికి చెప్పి సరిచేసుకోవచ్చు. అందులో తప్పు లేదు, నామర్దా అంతకన్నా లేదు. చీఫ్ జడ్జి నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆ ఐదు నిమిషాలూ నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఐదుగురు విసిరారు. ఎవరూ ఆమెని దాటలేదు. కంచు పతకం ఖాయమైనట్టే. ఇక విసిరితే మోకాలికే నష్టం. నాగమల్లేశ్వరి కట్టు విప్పేసి, చీఫ్ జడ్జికి ‘పాస్’ అని, అంటే ఆరో త్రో వదులుకుంటున్నానని, చెయ్యి ఊపింది.

అధికారికంగా ఫలితం ప్రకటించాక అరగంటలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. నాలుగో స్థానానికి జారిన అమ్మాయి జట్టు మేనేజరు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాడు, వీడియోతో సహా. రిఫరీ వేరే దేశపు ఆవిడ, నా వయసే ఉంటుంది. వీడియో వేయకముందు నన్ను పిలిపించి, ఐదో త్రోలో అమ్మాయి కాలు ఎక్కడ పెట్టిందో చూశారా అని మర్యాదగా అడిగింది. నేనున్న చోటు నుంచి కనిపించలేదన్నాను. నిజం చెప్పడానికి దేవుడిచ్చిన రెండో అవకాశం కూడా అలా పోగొట్టుకున్నాను.

వీడియో వేశారు. కాలు స్పష్టంగా ఉంది. దాని పక్కనే నేనూ ఉన్నాను, తల వంచి సరిగ్గా ఆ కాలి వంకే చూస్తూ. రిఫరీ వీడియో ఆపి, ఫలితం కాగితం మీద ఐదో త్రో కొట్టేసింది. నాగమల్లేశ్వరి మళ్లీ ఐదో స్థానానికి వచ్చింది. అప్పటికే కంకిపాడులో వాళ్ల ఇంటి ముందు టపాకాయలు కాల్చేశారు. నోటి దగ్గర కూడు లాగేసినట్టయింది, లాగేసింది వేరెవరో కాదు.

గంట తర్వాత స్టేడియం బయట, జట్టు బస్సు దగ్గర ఆమె కనిపించింది. క్షమించమని అడగడానికే వెళ్లాను. నేను అడిగేలోపు ఆమే మాట్లాడింది. ఏడవడం లేదు.

“కాలు పెట్టగానే నాకు తెలిసిందండీ మేడం. మీ వంక చూశాను. ఎర్ర జెండా ఎత్తుతారు, పోనీలే ఇంకోటి ఉంది, చచ్చి చెడి విసురుదాం అనుకున్నా. మీరు తెల్లది ఎత్తారు. మీరెత్తారంటే నేనే పొరబడ్డానేమో, కాలు రింగు దాటలేదేమో అనుకుని కట్టు విప్పేశానండీ.”

అంతే. బస్సు ఎక్కింది.

నన్ను అఫిషియల్స్ జాబితా నుంచి తీసేశారు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కంచే చేను మేస్తే ఆ కంచెని పీకేయాల్సిందే. నెలలోపు శిబిరం నుంచి నాగమల్లేశ్వరి పేరు కూడా తీసేశారు. ఆ తర్వాత ఆమె డిస్కస్ పట్టుకోలేదు. ఇప్పుడు కంకిపాడులో వాళ్ల నాన్నతో కలిసి చిన్న చీరల కొట్టు నడుపుతోంది. ఒకసారి వెళ్లాను. ఆమె లోపల్నుంచి రాలేదు. వాళ్ల నాన్న కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, “మీరేం చేసినా దాని మంచికే చేసుంటారండీ మేడం గారు,” అన్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఆ కుర్చీలో కాసేపు కూర్చోగలిగేదాన్ని. వెంటనే లేచి వచ్చేశాను, మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

అఫిషియల్ పరీక్షకి చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. నిబంధనలన్నీ పుస్తకంలో ఉన్నాయి, నేను చెప్పేది ఒక్కటే. ఎర్ర జెండా ఎత్తితే ఆడేవాళ్లకి ఒక త్రో పోతుంది. ఎత్తకుండా దాచిపెడితే దాని తర్వాతది కూడా పోతుంది. నాగమల్లేశ్వరికి ఆ రోజు రెండూ పోయాయి. ఐదోది ఆమె పోగొట్టుకుంది. ఆరోది నేను పోగొట్టాను.