పిడికెడు ఒండ్రు

బచ్చన్నపేటలో మా బాయిలో నాకు ఈత నేర్పింది నాయినే. అడుగు ముట్టానని నోటితో చెబితే నమ్మేవాడు కాదు. పిడికెడు ఒండ్రు తెచ్చి చూపాలి. "మన్నేదిరా?" అనేవాడు. లేదంటే మళ్లీ దూకాల్సిందే.

మోటార్ల మెకానిక్‌నయ్యాక అండమాన్‌లో పని దొరికింది. సముద్రంలో డైవింగ్ చేయించే దుకాణంలో గాలి సిలిండర్లు నింపడం. డైవింగ్ కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇంటి దగ్గర ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుమీదుంది. ఫోన్ చేస్తే నాయిన జనగామలో రైలు పట్టాల మీద కూర్చొచ్చిన సంగతులే చెప్పేవాడు. దుకాణంలో నాతో పనిచేసేది కాకినాడవాడు. నా మాట యాసను వెక్కిరించేవాడు. నాకు ఒళ్లు మండేది. రాష్ట్రం ఊసొచ్చి తిట్టుకున్నాక ఇద్దరికీ మాటల్లేవు.

జత లేనిదే నీళ్లలోకి దిగకూడదు. ఒక సెలవు రోజున మిగిలింది మేమిద్దరమే. ముప్పై మీటర్ల లోతున మునిగిన సరుకుల ఓడ ఉంది, చూడాలని నాకెప్పటి నుంచో ఆశ. "లోపల దేన్నీ ముట్టకు" అన్నాడతను పడవలో, ముక్తసరిగా.

ఓడ గదిలోకి నేను ముందు దూరాను. టార్చి వెలుగులో అడుగు కనిపించగానే చెయ్యి దానంతటదే పోయింది. పిడికెడు ఒండ్రు తీశాను. బాయిలోనైతే మురుగు లేచేలోపు పైకొచ్చేస్తాం. ఇక్కడ నెత్తిన ఇనుప కప్పు. క్షణంలో గదంతా మసక కమ్మింది. తలుపు ఎటుందో తెలియలేదు, గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లూ కనపడలేదు. గోడలు తడుముకుంటూ చచ్చేంత భయపడ్డాను.

అప్పుడొక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. అతను తలుపుకి తాడు కట్టి, అది పట్టుకుని నా కోసం లోపలికొచ్చాడు. బయటికి లాక్కుపోయాడు.

పడవెక్కాక కూడా నా పిడికిలి మూసే ఉంది. తెరిచి, సంగతి చెప్పాను.

"ఈ బురద కోసమా? నువ్వు చచ్చి నన్నూ చంపేవాడివి కదరా!" అని అరిచాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం ఫోన్‌లో ఓడ సంగతి ముందే విని ఉన్న నాయిన అడిగాడు. "ఓడ అడుగు ముట్టినవా? మన్ను తెచ్చినవా?"

"తెచ్చిన నాయినా. గాని బయటికి రాలేకపోయిన. నన్ను కాకినాడాయన తెచ్చిండు."

నాయిన వెంటనే అన్నాడు.

"జర ఫోన్ ఆయనకియ్యి."

ఇచ్చాను. నాయిన ఏం చెప్పాడో నాకు వినపడలేదు. అన్నాళ్లూ వెక్కిరించిన ఆ మాటనే అతను ఫోన్ చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు. "అలాగే బాబాయ్ గారూ" అన్నాడు.