గుర్వమ్మ చెయ్యి పడాల్సిందే

మా రంగుల ఫ్యాక్టరీలో చేరేనాటికి గుర్వమ్మకు యాభై రెండేళ్ళు. అంతకుముందు షాద్‌నగర్ చుట్టుపక్కల గొర్రెలు కాసేది. మేపే భూములన్నీ ప్లాట్లయి హద్దురాళ్ళు లేచేసరికి మందను అమ్మేసి, మా దగ్గర చీపురు పట్టింది. కాంట్రాక్టరు తరఫున కూలీల హాజరు రాసేది నేనే, దామోదర్‌ని. ఆమె నన్ను "రాతల సారు" అనేది. అందులో గౌరవం ఎంతుందో నాకిప్పటికీ తెలియదు.

సేఫ్టీ కోసం ఇచ్చినవాటికి ఆమె ఇంటి దగ్గర పని చూపించింది. చేతి తొడుగులతో తుమ్మకంప ఎత్తింది. హెల్మెట్‌ను వెల్లకిలా తిప్పి కోడిపిల్లలకు నీళ్ళు పోసింది. సేఫ్టీ ఆఫీసరు దివాకర్ గారు నిలదీస్తే, "నెత్తి మీద ఏమన్న పడెటట్టుంటె ముందుగాల చెప్పు సారూ, అప్పుడు పెట్టుకుంట" అంది. ఆయన ఆ పూట టీ కూడా తాగలేదు.

మంద పోయినా కాపరి అలవాటు మాత్రం పోలేదు. గొర్రెలను దొడ్లోకి తోలేటప్పుడు దడి సందులో కూర్చుని, ఒక్కోదాని వీపు మీద చెయ్యి వేసి లోపలికి వదిలేదట. అంకెలు రావు. ఎన్నున్నాయంటే నవ్వేది. ఏది రాలేదో మాత్రం ఠక్కున చెప్పేది. ఫ్యాక్టరీ గేటు దగ్గరా అదే తంతు, దాటే ప్రతి మనిషి వీపు మీద ఓ చరుపు. నాకు ఒళ్ళు మండేది.

"నేను గొర్రెనా గుర్వమ్మా?" అన్నాను ఓసారి.

"గొర్రెకు గింత కోపం ఉండది సారూ."

పోయిన ఎండాకాలం ఓ పొద్దున, మంటలు లేస్తే బయటికెలా రావాలో నేర్పడానికి దివాకర్ గారు సైరన్ మోగించారు. అందరూ గేటు బయట చేరారు. నేను కాగితం చూసి పేర్లు పిలిచాను. ముప్పై ఒక్క పేర్లు, ముప్పై ఒక్క జవాబులు. "అందరూ వచ్చేశారు సార్" అన్నాను దర్జాగా.

"ఏడొచ్చిన్రు? వెండి కడియాల పిల్ల రాలే. నా చెయ్యి పడలే" అంది గుర్వమ్మ.

ఆ పిల్ల ముందురోజే ఒడిశా నుంచి వచ్చింది. ఆధార్ కాగితం తేలేదని నేను పేరు రాసుకోలేదు. రంగులు కలిపే తొట్టి కడగమని పొద్దున లోపలికి దింపింది కూడా నేనే.

అందరం పరుగెత్తాం. థిన్నర్ ఆవిరికి స్పృహ తప్పి, ఆ పిల్ల తొట్టి అడుగున పడి ఉంది. నేను కంగారుగా లోపలికి దిగబోయాను. గుర్వమ్మ నా కాలర్ పట్టి వెనక్కి గుంజింది.

"మా మామ గొర్రె కోసం పాడుబాయిల దిగి, గాలాడక ఆడనే పాణం ఇడిసిండు. జర ఆగు."

దివాకర్ గారి మనుషులు గాలి మాస్కులు తొడుక్కుని, నడుముకు తాళ్ళు కట్టుకుని దిగి ఆ పిల్లను పైకి తెచ్చారు. సాయంత్రానికి దవాఖానలో కళ్ళు తెరిచింది.

"గా పిల్ల పేరేంది, రాతల సారూ?" అని అడిగింది గుర్వమ్మ, దవాఖాన వరండాలో.

నాకు తెలియదు. తొట్టిలోకి దింపానే గాని పేరు అడగలేదు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. లోపలికెళ్ళి ఆ పిల్లనే అడిగి, "సుకాంతి" అని రాసుకొచ్చాను.

ఇప్పుడు గాలి పరీక్ష కాకుండా, పైన ఒక మనిషి కాపలా లేకుండా ఎవరినీ తొట్టిలోకి దించం. సాయంత్రం నా పేర్ల పిలుపు అయ్యాక, గుర్వమ్మ చెయ్యి కూడా పడాల్సిందే. అది దివాకర్ గారి ఆర్డరు. ఆయన వీపుకూ మినహాయింపు లేదు.

సుకాంతి పదిహేను రోజులకు పనికి తిరిగొచ్చింది. ఆ సాయంత్రం అందరినీ దాటించి, చివరగా గుర్వమ్మ గేటు దాటబోయింది. బయట నిలబడి ఉన్న సుకాంతి ఎదురొచ్చి ఆమె వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది.

"నువ్వు కూడా" అంది, వచ్చీరాని తెలుగులో.

గుర్వమ్మ అక్కడే నిలబడిపోయింది. "ఇన్నేండ్ల సంది మందను ఇల్లు జేర్చిన సారూ. నేను వచ్చిన్నా లేదా అని ఒక్కలు జూడలే" అంది నాతో. ఆమె కళ్ళలో నీళ్ళు చూడడం అదే మొదలు.

మర్నాడు కోడిపిల్లల హెల్మెట్‌ను శుభ్రంగా కడిగి, నెత్తిన పెట్టుకుని పనికొచ్చింది.