ఒరేయ్ అని పిలిచిన మనిషి

ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఉన్న రోజుల్లో నేను సివిల్స్‌కి చదువుతున్నానని ఒంగోలులో మావాళ్ళు అనుకునేవారు. కొంతవరకు నిజమే. పొద్దున గదిలో పుస్తకం ముందేసుకుని కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం మెస్‌లో భోజనం చేశాక మాత్రం కాళ్ళు వాటంతటవే పుస్తకాల షాపుల పక్క సందులో ఉన్న ఇంటర్నెట్ కేఫ్‌కి నడిచేవి.

అక్కడ నేను ఆడే ఆటలో బొమ్మలుండవు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. నువ్వు రాతి వంతెన మీద ఉన్నావు, కింద నది, ఉత్తరాన అడవి అని ఇంగ్లీషులో వస్తుంది. అడవిలోకి వెళ్ళాలంటే ఉత్తరం అని టైపు చేయాలి. కత్తి తీయాలన్నా, తలుపు తెరవాలన్నా, ఎదురైనవాడికి దణ్ణం పెట్టాలన్నా అన్నిటికీ మాటలే. కంప్యూటర్లకి బొమ్మలు చూపించే శక్తి లేని కాలంలో, ఎక్కడో విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళు ఇలాంటివి రాయడం మొదలుపెట్టారట. మొదట్లో ఒక్కడే కూర్చుని గుహలో దారి వెతుక్కునే ఆట. తర్వాత ఎక్కడెక్కడివాళ్ళో తీగల మీదుగా ఒకే గుహలోకి దిగి, కబుర్లు చెప్పుకుంటూ ఆడే ఆట. నేను చేరేసరికి లోకమంతా బొమ్మల ఆటల వైపు వెళ్ళిపోయింది. నా పక్కవాళ్ళ తెరల మీద కార్లు పల్టీలు కొడుతుండేవి. ఆటలో మేముండే ఊరు దాదాపు ఖాళీ. మిగిలిన కొద్దిమందిమీ ఒకరికొకరం తెలుసు.

నాకది ఎందుకు నచ్చిందో చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది. కోచింగ్‌లో నేను ఇంగ్లీషులో నోరు తెరిస్తే వెనక బెంచీవాళ్ళు నా యాసకి నవ్వేవారు. ఆటలో యాస వినపడదు. పైగా తెర నిండా ఇంగ్లీషు చూసి, నేనేదో పెద్ద చదువు చదువుతున్నానని కేఫ్ భయ్యా ఫ్యాను నా వైపు తిప్పేవాడు. నేను కాదనలేదు.

ఆ ఊళ్ళో నాకొక తోడు దొరికింది. చాలా రోజులు ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. ఏ ఇంగ్లాండువాడో అనుకుని నేను గ్రామరు సరిచూసుకుని మరీ టైపు చేసేవాణ్ణి. ఒకసారి ఇద్దరం అడవిలో నడుస్తుంటే తోడేలు మీదపడింది. అవతలి నుంచి కంగారులో ఇంగ్లీషు అక్షరాలతో "అమ్మో" అని వచ్చింది.

"తెలుగా?" అన్నాను.

"అవును. నువ్వూనా?"

ఇక ఆ రోజు నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అవతల ఉన్నది నా ఈడు కుర్రాడేనని నేనే నిశ్చయించేసుకున్నాను. హిందీలో మాట్లాడుకుని ఉంటే మొదటి వాక్యంలోనే బయటపడేది. తెలుగులో వెళ్ళాను, వచ్చాను, తిన్నాను అంటే ఆడో మగో తెలియదు కదా. నేను ఒరేయ్ అన్నాను, మామా అన్నాను, ఏందిరా నీ నత్తనడక అన్నాను. మా ఇంటి ఓనరమ్మ మీద అనకూడని జోకులు వేశాను. అవతలి నుంచి రా అన్న మాట ఒక్కసారీ రాలేదు. అది కూడా నేను గమనించలేదు.

ఒకరోజు ఢిల్లీలో మనవాళ్ళ గురించి మాట వచ్చింది. "ఎవరున్నార్రా ఇక్కడ, ఆఫీసుల్లో గుమాస్తాలు, ఆస్పత్రుల్లో నర్సులు. అంతేగా మన బతుకులు. నేను మాత్రం ఆఫీసరై చూపిస్తా" అని గొప్పగా కొట్టాను.

జవాబు ఆలస్యంగా వచ్చింది. "అచ్ఛా. చూద్దాం."

ప్రిలిమ్స్ ఫలితాల్లో నా నంబరు లేదు. అంతకు ముందు ఏడాదీ లేదు. ఇంటికి ఫోన్ చేయలేక, మెస్‌కి వెళ్ళి నలుగురి మొహాలూ చూడలేక, నేరుగా కేఫ్‌లో కూర్చుని ఆట తెరిచాను. వంతెన మీదికి వెళ్ళి ఆగిపోయాను. కాసేపటికి నా తోడు వచ్చింది.

"ఏంటి, కదలవేం?"

"పోయిందిరా. మళ్ళీ పోయింది. ఇంక బతకబుద్ధి కావడం లేదు."

"ఎక్కడున్నావు?"

"వంతెన మీద."

"ఆటలో కాదు. నిజంగా ఎక్కడున్నావు?"

ఆ ప్రశ్నకి నాకు కళ్ళు మసకబారాయి. కేఫ్ గుర్తులు చెప్పాను. అన్నం తిన్నావా అని అడిగితే లేదన్నాను.

"అక్కడే కూర్చో. ఫరీదాబాద్ నుంచి రావాలి, టైము పడుతుంది. లేవకు."

వద్దురా అని కొట్టేలోపే అవతలి పేరు తెర మీద నుంచి మాయమైంది. వాడొస్తే ఏం చెప్పాలా, ఏడ్చినట్టు కనపడకుండా ఎలా ఉండాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. బాగా ఎండ తగ్గాక ఒక పెద్దావిడ కేఫ్ మెట్లెక్కి వచ్చారు. నూలు చీర, భుజాన పెద్ద సంచి, చెంపల దగ్గర నెరిసిన జుట్టు. భయ్యాని హిందీలో ఏదో అడిగి, నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"బాబూ, వంతెన మీద ఉన్నది నువ్వేనా?"

నేను లేచి నిలబడ్డాను. ఆవిడ వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెట్ల వైపు చూశాను. "మీరు వాడి అమ్మగారా?"

"వాడు నేనే" అన్నారు ఆవిడ.

నేను వేసిన ఒక్కొక్క రా, ఒక్కొక్క జోకు వరసగా గుర్తొచ్చాయి. చెవులు కాలిపోయాయి. ఆవిడ నన్ను బయటికి తీసుకొచ్చి, మూసి ఉన్న ఒక షాపు మెట్ల మీద కూర్చోబెట్టి, సంచిలోంచి క్యారేజీ తీశారు. పప్పుచారు, అన్నం, వేయించిన ఎండురొయ్యలు.

"హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చి కంప్యూటర్ పెట్టాను. నువ్వలా అనేసరికి ఉన్నదే సర్దుకొచ్చాను. తిను."

"మీరు డాక్టరా అండీ?"

"నర్సుని బాబూ."

చేతిలో ముద్ద తిరిగి క్యారేజీలో పెట్టేశాను. "ఆ రోజు నేనన్న మాట..."

"ముందు తిను."

నేను తలెత్తలేదు. తిన్నంతసేపూ ఆవిడే మాట్లాడారు. ఆస్పత్రిలో కంప్యూటర్లు పెట్టినప్పుడు టైపింగు రాక భయపడితే, వాళ్ళబ్బాయి వేళ్ళు అలవాటవుతాయని ఈ ఆట పెట్టిచ్చాడట. వాడు ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్ళిపోయినా ఆవిడ మానలేకపోయారు.

"యాభై దాటాక ఇదేం పాడు అలవాటని నాకే సిగ్గు. ఇంకా ఆడుతున్నానని ఇంట్లో చెప్పలేదు. నువ్వు ఒరేయ్ అన్నప్పుడల్లా చెప్పేద్దామనిపించేది. చెప్తే ఇంక అలా పిలవవు కదా. ఇంట్లోనూ వార్డులోనూ నాతో అలా ఎవరు మాట్లాడతారు?"

ఊరికి ఫోన్ చేయమని చెప్పి, నేను ఎస్టీడీ బూత్‌లో నాన్నతో మాట్లాడేదాకా బయటే నిలబడి, చీకటి పడకముందే బస్సెక్కారు.

మర్నాడు ఆటలో "నమస్కారం అండీ, మీరు ఇటు వస్తారా" అని కొట్టాను. "వస్తాను బాబూ" అని జవాబు. తోడేలు వస్తే, ముందు మీరు కానివ్వండి అని పక్కకి తప్పుకుని ఆవిడకి దారిచ్చాను. ఆవిడా నాకు దారిచ్చారు. దాని చేతిలో ఇద్దరం చచ్చాం.

ఆ క్రిస్మస్‌కి ఫరీదాబాద్‌లో వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. ఆవిడ భర్త ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నన్ను చూసి సంతోషించి, ఎలా పరిచయం అని అడిగారు. ఆవిడ నా వైపు చూడకుండా, "చర్చిలో పరిచయం, కాయిర్‌లో పాడతాడు" అన్నారు.

నేను జన్మలో చర్చి గడప తొక్కలేదు. సెలవులకి వచ్చిన అబ్బాయి ప్లేటు ముందు కూర్చుని, "కౌన్‌సీ చర్చ్, భయ్యా?" అని ఏ చర్చో అడిగాడు. నేను నీళ్ళు తాగాను.

"మరింకేం, ఈ పూట ప్రార్థన బాబు చేస్తాడు" అన్నారు ఆయన. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను చేతులు జోడించి లేచి నిలబడ్డాను. ప్రార్థన ఎలా మొదలుపెట్టాలో కూడా నాకు తెలియదు. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడా కళ్ళు తెరిచే ఉన్నారు. మొహం ఎర్రగా ఉంది. మరుక్షణం ఆవిడే ప్రార్థన అందుకుని, గబగబా ముగించి, ఆమెన్ అన్నారు. చికెన్ కూర వడ్డిస్తుంటే గరిటె ప్లేటు అంచుకి తగిలి పులుసు టేబుల్ మీద పడింది. అబ్బాయి నన్ను, వాళ్ళమ్మని మార్చి మార్చి చూశాడు.

ఆ ఆట తర్వాత ఎప్పుడు మూతపడిందో నాకు తెలియదు. అప్పటికి నేను వెళ్ళడం మానేశాను. ఆవిడ రిటైరై బందరు వెళ్ళిపోయారు. పండక్కి నేను ఫోన్ చేస్తే, ఆయనా అబ్బాయీ ఎలా ఉన్నారో, మోకాళ్ళ నొప్పులకి ఏ మాత్రలు వాడుతున్నారో చెప్తారు. ఆట సంగతి ఆవిడ ఎత్తరు. నేనూ ఎత్తను.