బావమరిది కోసం కుట్టించిన ప్యాంట్లు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధం. చెప్పడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. దాన్ని మింగలేక, కక్కలేక ఇన్నాళ్లూ తిరిగాను. డాక్టరుకు తెలియదు. మా ఆవిడకు కూడా సగమే తెలుసు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. నేను చెప్పబోయే మనిషి పేరు కూడా మార్చాను.

హన్మకొండలో ఓ సర్కారు బడిలో డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడే ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. క్యాన్సర్ పోయింది గానీ, దగ్గినా, వంగినా, బరువెత్తినా మూత్రం చుక్కలు చుక్కలుగా జారేది. ఇప్పటికీ జారుతుంది. చూడండి, ఈ ఒక్క వాక్యం రాయడానికి ఎంతసేపు పట్టిందో. కింది కండరాలను బిగబట్టి వదిలే వ్యాయామం నేర్పించారు. రోజుకు మూడు పూటలా లెక్కపెట్టి మరీ చేశాను. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒళ్లు మండిపోయేది. జీవితమంతా చెప్పినట్టు విన్న ఒళ్లు అరవై దాటాక ఇలా ఎదురు తిరిగితే ఏం చేయాలి? ఇంటి పక్క మెడికల్ షాపు వదిలి, నన్నెరిగినవాళ్లు లేని షాపు కోసం కాజీపేట దాకా వెళ్లి ప్యాడ్లు కొనుక్కునేవాణ్ని.

అలాంటి నన్ను మా డాక్టరు పట్టుకున్నారు. ఈ జబ్బు నుంచి బయటపడ్డవాళ్లు మంచానికి అతుక్కుపోతున్నారని, హార్మోను ఇంజెక్షన్లు పడ్డవాళ్లకు కండ కరిగి ఎముక పలచబడుతుందని, కాస్త నడిచి వ్యాయామం చేస్తే ఎంతో మేలని, తాను చెబితే ఎవరూ వినడం లేదని, డ్రిల్లు సారు చెబితే వింటారని అన్నారు. నాకు గర్వం ముంచుకొచ్చింది. బీరువాలోంచి పాత ఈల తీసి మెడలో వేసుకున్నాను.

సుబేదారిలో ఓ మైదానంలో పొద్దున్నే ఏడుగురం చేరేవాళ్లం. నడక, చేతులు తిప్పడం, ఆఖర్న గుంజీళ్లు. ఈ గుంజీళ్ల దగ్గరే ఉంది నా కిటుకంతా. డ్రిల్లు సారు గుంజీళ్లు తీయడు. నిలబడి లెక్కపెడతాడు. నా సర్వీసు మొత్తంలో, సారూ మీరూ తీయండి అని ఒక్క పిల్లాడూ అనలేదు. ఆ మైదానంలోనూ ఎవరూ అనలేదు. నేను నిటారుగా నిలబడి ఒకటి, రెండు అంటూ ఉండేవాణ్ని. ఇంట్లోంచి బయల్దేరే ముందు గుక్కెడు నీళ్లు కూడా తాగేవాణ్ని కాదు. నల్ల ప్యాంట్లే వేసేవాణ్ని. ఈ వయసులో సారు ఎంత గట్టిగా ఉన్నాడో అనుకునేవాళ్లు. అనుకోవాలనే కదా అదంతా.

యాకూబ్ భాయ్ దర్జీ. నాకంటే రెండేళ్లు చిన్న. అతనికీ అదే ఆపరేషన్, ఆపైన ఇంజెక్షన్లు కూడా. రోజంతా మిషన్ ముందు కూర్చునే మనిషి కావడంతో మొదట్లో నాలుగు గుంజీళ్లకే ఆయాసపడేవాడు. రెండు నెలల్లో ఇరవైకి వచ్చాడు. బడిలో తప్పు చేస్తే తీయించినవి ముసలితనంలో మందయ్యాయని అందరినీ నవ్వించేవాడు. నాకు ఆ మనిషంటే నిజంగా ఇష్టం. ఇది కూడా రాయాలి. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడికి ఆ అబద్ధం చెప్పి ఉంటే ఇంత బరువుండేది కాదేమో.

ఆ పొద్దున బూడిదరంగు ప్యాంటులో వచ్చాడు. పదిహేనోసారి కూర్చుని లేస్తుంటే ప్యాంటు ముందు తడి కనబడింది. నేను లెక్క ఆపేశాను. అందరూ చెట్ల వంక చూశారు. బీపీ గురించి, షుగర్ గురించి గంటలు గంటలు మాట్లాడుకునే మగవాళ్లం మేము. యాకూబ్ భాయ్ మాత్రం చేతులు అడ్డం పెట్టుకోలేదు. సూటిగా నన్నే అడిగాడు.

"సారు, మీకు గూడ ఇట్లనే అయితాందా?"

అప్పటికే నా ప్యాడు తడిసి ఉంది. అవును భాయ్ అంటే అయిపోయేది. రెండు మాటలు. కానీ మిగతా ఐదుగురూ చెట్ల మీంచి చూపు తిప్పి నా వైపు చూస్తున్నారు, నా మెడలో ఈల ఉంది, నేను సారును.

"నాకా? నాకట్లేం లేదు. చెప్పిన ఎక్సర్‌సైజులు సక్కగ చేస్తే ఎవ్వలికీ కాదు. నువ్వు ఇంట్ల చేస్తలేవు, గంతే."

అతను నా ముఖం చూడలేదు. నా ప్యాంటు వంక చూశాడు. ఎక్కువసేపేం కాదు.

"మంచిది సారు. ఇంట్ల చేస్త."

తువ్వాల నడుముకు చుట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ వారంలోనే ఇంకో ఇద్దరు మానేశారు. ఎందుకో నాకు తెలుసు. తెలియనట్టు నటించాను. డాక్టరు అడిగితే, వాళ్లది ఒట్టి బద్ధకం సార్ అన్నాను. వ్యాయామం చేయించమని నన్ను పెడితే ముగ్గురి చేత మాన్పించాను. మిగిలిన ముగ్గురిలో ఎంతమంది నాలాగే నీళ్లు తాగకుండా వస్తున్నారో? ఏనాడైనా అడిగానా?

ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. అంతకు నెల ముందు నేను యాకూబ్ భాయ్ షాపుకు వెళ్లాను. మూడు నల్ల ప్యాంట్లు కుట్టాలని, ముందు భాగంలో లోపల రెండు పొరల మందపు గుడ్డ వేయాలని చెప్పాను. ఎవరికి అని అతను అడగనే లేదు. నేనే తొందరపడి, మా బావమరిదికి, ఆయనకూ మనలాంటి ఆపరేషనే అయింది, పాపం ఆపుకోలేడు అన్నాను. కొలతకు నా పాత ప్యాంటు ఇచ్చి, ఆయనదీ నా కొలతే అన్నాను. యాకూబ్ భాయ్ తలూపి రాసుకున్నాడు. నలభై ఏళ్లుగా జనం నడుములు కొలుస్తున్న మనిషి. నమ్మాడని ఎలా అనుకున్నాను? అసలు అనుకున్నానా?

ఆ పొద్దున నా ఒంటి మీద ఉన్నది ఆ మూడింట్లో ఒకటి. తన కుట్టు తనకు తెలియదా? తెలిసే అడిగాడు. అంతమందిలో ఒక్కడే నిలబడలేక నన్ను తోడు అడిగాడు. నేను కాదన్నాక, ఒక్క మాట అంటే నా బండారం అందరి ముందూ బయటపడేది. అనలేదు. తన పరువు పోతున్నా నాది కాపాడి వెళ్లాడు.

మొన్న చలికాలంలో యాకూబ్ భాయ్ ఇంట్లో జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, కత్తెర పట్టే చేయి. కాళ్లలో బలం లేదట, ఎముక పలచబడిందట. ఈ నాలుగేళ్లూ ఇల్లు, షాపు తప్ప ఎక్కడికీ పోలేదని, శుక్రవారం మసీదుకు పోవడం కూడా మానేశాడని వాళ్లావిడ చెప్పింది. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే గుంజీళ్లు మానేవాడు కాదా? మానకపోతే పడేవాడు కాదా? తెలియదు. ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేరు కదా అని దాని చాటున దాక్కోబోయిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చూడటానికి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తీరా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాక మందుల గురించి, కట్టు ఎప్పుడు విప్పుతారన్న దాని గురించి అడిగాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అతనే మెల్లగా అడిగాడు.

"మీ బావమరిది ఎట్లున్నడు సారు?"

అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నాలుగేళ్ల తర్వాత నాకు ఇంకో అవకాశం ఇచ్చాడు. నేనేమన్నానో తెలుసా? మంచిగున్నడు భాయ్ అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

ఇప్పటికీ రోజూ ఈల వేసుకుని మైదానానికి వెళుతున్నాను. ఇప్పటికీ నిలబడే లెక్కపెడుతున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఇది తీసుకెళ్లి యాకూబ్ భాయ్‌కి చదివి వినిపిస్తానని మాట కూడా ఇవ్వలేను. నా మాట ఏపాటిదో చూశారు కదా. కానీ ఒక్కసారైనా, ఎక్కడో ఒకచోట, ఆ రోజు అనాల్సింది నా చేత్తో రాయాలనిపించింది. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది.

మా ఆవిడకు అన్నదమ్ములు లేరు. ఆ ప్యాంట్లు నావి.