రెండుసార్లు కదిలిన తాడు

జనవరి నెలలో ఒక గురువారం ఉదయం, పది దాటిన కాసేపటికి, బహ్రెయిన్‌లోని మీనా సల్మాన్ రేవులో పడవ మీద తాడు పట్టుకుని నిలబడ్డ రాజన్న, నీళ్లలో ఉన్న డైవరు అప్పలరాజును నా ఆజ్ఞ లేకుండా పైకి లాగేశాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. తాడు రెండుసార్లు కదలడం నా కళ్లతో చూశాను. మా పనిలో రెండుసార్లు అంటే 'తాడు వదులు చెయ్యి' అని. రాజన్న వదులు చెయ్యలేదు. మోకాలు పడవ అంచుకు ఆనించి, రెండు చేతులా లాగడం మొదలుపెట్టాడు. నేను "ఆగు" అనేలోపు అప్పలరాజు తల నీటిపైకి వచ్చేసింది.

మాస్కు పక్కకు జారి ఉంది. నోట్లోని గాలిగొట్టం తీసేసి ముందు దగ్గాడు, తరవాత అరిచాడు.

"ఎవుడు లాగమన్నాడు మావా నిన్ను? రొండే కదేటి ఇచ్చాను! సెవులకి సెముడొత్తాది గానీ సేతులకి కూడా సెముడొచ్చిందేటి నీకు?"

రాజన్న తాడును చుట్ట చుడుతూ ఒకచోట ఆగి, ఆ భాగాన్ని నా ముందుకు పట్టాడు. మూడు పేటల తాడులో ఒక పేట పూర్తిగా తెగింది. రెండోది సగం దాకా పీచులు లేచి ఉంది. అది చూశాక అప్పలరాజు అరవడం ఆపేశాడు.

పదేళ్ల కిందటి మాట ఇది. అప్పటికి ఆ రేవులో ఒక చిన్న కంపెనీకి డైవింగ్ సూపర్‌వైజరుగా ఆరేళ్లు చేశాను. అంతకు చాలా ముందు కాకినాడలో రెండేళ్లు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. ఆ అలవాటు వల్ల మా లాగ్‌బుక్ ఇతరులవాటికంటే పొడుగ్గా ఉండేది.

బహ్రెయిన్‌లో డైవింగ్ అనగానే చాలామందికి జల్లాఖ్ వైపు రిసార్టులు, నీలం నీళ్లు గుర్తొస్తాయి. మా నీళ్లు వేరు. చలికాలంలో వాయవ్యం నుంచి షమాల్ గాలి రెండు రోజులు వీచిందంటే రేవు అడుగున ఉన్న బురదంతా పైకి లేస్తుంది. మాస్కుకు ఆనించి పెట్టినా చేతివేళ్లు కనిపించవు. ఎండాకాలం వేడినీళ్లలా ఉండే ఆ సముద్రమే జనవరిలో మందపాటి రబ్బరు సూటులోంచి కూడా ఎముకలకు తగులుతుంది. అరగంట దాటితే వేళ్లు మొద్దుబారతాయి. పని మొత్తం తడుముకుంటూ చెయ్యాలి.

ఆ రోజు పని ఓడలను లాగే ఒక టగ్గు పడవ ప్రొపెల్లరుకు చుట్టుకున్న చేపల వలను కోసి తియ్యడం. లోతు నాలుగు మీటర్లు మించదు. ఇలాంటి పనికి దిగేముందు ఇంజను తాళంచెవి సూపర్‌వైజరు తన జేబులో వేసుకోవాలి, చుక్కాని చక్రానికి హెచ్చరిక చీటీ కట్టాలి. రెండూ చేశాను. మామూలుగా మా డైవర్లు పైన పడవలో ఉన్నవాళ్లతో మాట్లాడే తీగ ఉన్న మాస్కు వాడతారు. ఆ వారం అది రిపేరుకు వెళ్లింది. టగ్గు సాయంత్రానికి కదలాలి. సిలిండరు కట్టుకుని, నడుముకు తాడుతో దిగడానికి నేనే ఒప్పుకున్నాను.

అలా దిగినప్పుడు తాడే మాట. కింద నుంచి ఒకసారి కదిలిస్తే బాగున్నానని. రెండుసార్లు వదులు చెయ్యమని. మూడు, వదులుగా ఉన్న తాడు బిగించమని. నాలుగు, పైకి లాగమని. తాడు పట్టే మనిషిని టెండరు అంటారు. వచ్చిన సంజ్ఞను అతను తిరిగి అన్నిసార్లే కదిలించి, 'అందింది' అని చెప్పాకే పని చెయ్యాలి. రాజన్న తిరిగి కదిలించలేదు. నాలుగు మీటర్లే కదా అనుకోవడానికి లేదు. ఊపిరి బిగబట్టి ఉన్న మనిషిని ఒక్కసారిగా పైకి తెస్తే ఆ కాస్త లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

రాజన్నది జగిత్యాల వైపు పల్లె. "దుబాయి పోతున్న" అని ఊళ్లో చెప్పి బహ్రెయిన్‌లో దిగి, నాలుగేళ్లు కన్‌స్ట్రక్షన్ క్యాంపులో ఉన్నాడు. ఊళ్లో ఇరవై ఏళ్లు బావుల పూడిక తీసే ముఠాలో తాడు పట్టాడని విని, సంతోషించి, కఫీల్‌ను, అంటే వీసాకు పూచీ ఉండే యజమానిని, మార్పించి మా కంపెనీలోకి తెచ్చింది నేనే. అప్పలరాజుది భీమిలి దగ్గర జాలరిపేట. అతనికి ముప్పై రెండు, రాజన్నకు నలభై ఆరు. ఒకరి యాస మీద ఒకరు పరాచికాలాడుతూ ఎనిమిది నెలల్లో మామా అల్లుళ్లయ్యారు.

అప్పలరాజు భుజం ప్రొపెల్లరు రెక్కకు కొట్టుకుని కమిలింది. ఆ రోజుకు అతన్ని మళ్లీ దించలేదు. సిద్ధంగా ఉన్న రెండో డైవరు తీగ మాస్కు అరువు తెప్పించుకుని దిగి వల కోశాడు. టగ్గు సమయానికే వెళ్లింది. మిగిలింది నా రిపోర్టు. సంజ్ఞకు విరుద్ధంగా చేసిన టెండరును తాడు మీద ఉంచకూడదన్నది కంపెనీ నియమం. రాజన్నకు మా దగ్గర వేరే పని లేదు. తాడు పోతే వీసా రద్దు, ఇంటికి టికెట్టు.

ఆఫీసుగా వాడే కంటెయినర్‌లోకి పిలిచి అడిగాను. అతను నిలబడే చెప్పాడు.

"అబద్ధమెందుకు సార్. రెండే గుంజిండు. మా దిక్కు బాయిల రెండు గుంజితే మీదికి గుంజుడే. చేతులు సల్లవడ్డయి, బుర్రకు వచ్చేటాల్లకు చేతులే గుంజినయి. అంతే."

బావిలో పైకి లాగమనడానికి రెండే ఎందుకని అడిగాను.

"లోపల గాలాడనోడు నాలుగుసార్లు ఎట్ల గుంజుతడు సార్? రెండోదానికే పానం పోతది."

రాజన్న తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "గానీ, తాడు ఎప్పటిలెక్క లేకుండె సార్. చేతుల బరబర అన్నది. అది ముందుగాల్నా, గుంజేటప్పుడా, నాకు యాది లేదు."

రిపోర్టులో చూసినది మాత్రమే రాశాను. డైవరు రెండుసార్లు కదిలించాడు. టెండరు బదులివ్వకుండా పైకి లాగాడు. తాడు ఒకటిన్నర పేట తెగి ఉంది. మాట్లాడే సెట్టు లేకుండా దించింది సూపర్‌వైజరు. టెండరుకు పాత పనిలో రెండు సంజ్ఞలకు వేరే అర్థం ఉండేదని సూపర్‌వైజరు అంతకుముందు కనుక్కోలేదు. మేనేజరు ఫోన్ చేసి, ఇంతకూ తప్పా ఒప్పా అన్నాడు. నాకు తెలిసినంతవరకు రాశానన్నాను.

శనివారం పొద్దున్న మేనేజరు రేవుకు వచ్చాడు. అప్పలరాజు కమిలిన భుజంతోనే ఎదురెళ్లాడు. తనకొచ్చిన హిందీలో, తాడు అప్పటికే తెగుతోందని, ఆ సంగతి తెలియక తాను ఇంకా వదులు అడిగానని, వదిలి ఉంటే వలలో ఇంకా లోపలికి పోయేవాడినని చెప్పాడు. రాజన్న తాడు పట్టకపోతే తాను దిగనన్నాడు. అది ముగిశాక తెలుగులోకి మారి వెనక్కి తిరిగాడు.

"ఏటలా సూత్తన్నావు మావా? నువ్వు ఇంటికెళ్లిపోతే నానెవుడ్ని తిట్టుకోవాల?"

"నీ నోట్లె మన్ను వడ, నేను గుంజవట్టే తెగిందిర అల్లుడా. సార్‌కు నిజం చెప్పు," అన్నాడు రాజన్న.

మేనేజరుకు తెలుగు రాదు. ఏమంటున్నాడని నన్ను అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. మేనేజరు రాజన్నకు రాతపూర్వకంగా ఒక హెచ్చరిక ఇచ్చి, మళ్లీ పరీక్ష పెట్టమని వెళ్లిపోయాడు. రాజన్న కళ్లకు గంతలు కట్టి, ఐసు నీళ్లలో చేతులు ముంచి తీయించి, కంటెయినర్ వెనక నుంచి యాభైసార్లు తాడు కదిలించాను. ఒక్కటీ తప్పలేదు. తరవాత నేను రిటైరయ్యేదాకా రాజన్న తాడు మీదే ఉన్నాడు. మా ఇల్లున్న ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మేం కూర్చునే హోటల్లో అప్పలరాజు రెండు చాయ్‌లకు బల్ల మీద రెండుసార్లు తట్టి, "రొండు కొట్టాను మావా, నన్ను లాగీకు," అనేవాడు. రాజన్న అతని కాలరు పట్టి లాగేవాడు.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒక పని పద్ధతి. పనితనం ఉన్న మనిషి దొరికాడని సంతోషించాను తప్ప, ఆ పనితనంలో ఏముందో అడగలేదు. కాగితం మీద సంజ్ఞలు చూపించి, నోటితో అప్పజెప్పించుకుని, అతనికి వచ్చేసిందనుకున్నాను. ఆ తరవాత చేరిన ప్రతి టెండరునూ ముందు తన పాత తాడు లెక్క చెప్పమన్నాను, మా లెక్క తరవాత నేర్పాను. చల్లబడ్డ చేతులతో పరీక్ష పెట్టకుండా ఎవరికీ తాడు ఇవ్వలేదు.

రిటైరై ఏడాదైంది. మా ఆవిడ బడి ఉద్యోగం వల్ల ఇంకా ఉమ్మ్ అల్ హస్సామ్‌లోనే ఉంటున్నాం. ఆ తాడు ముక్క నా దగ్గరే ఉంది. ముందే తెగిందని అప్పలరాజు, లాగడం వల్ల తెగిందని రాజన్న ఇప్పటికీ వాదించుకుంటారు. ప్రొపెల్లరు అంచులకు గుల్లలు పట్టి రంపంలా ఉంటాయి. వాటి మీద ఊరికే రాసుకున్నా పేట తెగుతుంది, బిగించి లాగినా తెగుతుంది. భూతద్దంతో చాలాసార్లు చూశాను. తెగిన కొసలు రెండు విధాలా సరిపోతున్నాయి. లాగ్‌బుక్‌లో 'తాడు తెగిన సమయం' అన్నచోట నేను ఆ రోజు వదిలిన ఖాళీ అలాగే ఉంది.